స్టేట్ లైన్ రోడ్డుకి అటూ ఇటూ

మా ఇల్లు కాన్సస్‌లో, ఆఫీసు మిస్సోరీలో. పొద్దున్నే కారు తీసి పావుగంట పోతే స్టేట్ లైన్ రోడ్డు తగులుతుంది. పేరుకి తగ్గట్టే పడమటి పక్క ఇళ్ళు కాన్సస్‌వి, తూర్పు పక్క ఇళ్ళు మిస్సోరీవి, నడుమ పసుపు గీత. ఆ గీత పుణ్యమా అని ఏటా ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలకీ టాక్సు లెక్కలు చెప్పుకుంటాను. పదకొండేళ్ళుగా దాన్ని దాటుతున్నా, అంతకు మించి దాని గురించి ఆలోచించిన పాపాన పోలేదు.

ఆలోచన పెట్టింది మా అబ్బాయి ఎనిమిదో తరగతి హోంవర్కు. 1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అమెరికా అంతర్యుద్ధానికి కారణాలేమిటో రాసుకురమ్మన్నారు. ఆ శనివారం మా ఇంట్లో నాలుగు కుటుంబాలవాళ్ళం భోజనాలకి కలిశాం. వీడు కాగితం పట్టుకొచ్చి పెద్దవాళ్ళని అడిగాడు. "బానిసత్వం పైకి చెప్పే మాట నాన్నా, అసలు గొడవ రాష్ట్రాల హక్కులది. ఢిల్లీ పెత్తనం మనం చూళ్ళేదా, అలాంటిదే" అన్నారు ఒకాయన. "అదేం లేదండీ, లింకన్ బానిసల్ని విడిపించాలని యుద్ధం చేశాడు, అంతే" అన్నారు ఇంకొకాయన. మావాడు రెండూ రాసుకుని వెళ్ళి మార్కులు తెచ్చుకున్నాడు. గొంతులో అడ్డం పడింది నాకే. ఆ రాత్రి పులిహోర ముందు కూర్చుని చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను, మూడేళ్ళు ఆలస్యంగా, కొన్ని ఊళ్ళు తిరిగొచ్చాక.

నా ఉద్దేశంలో అది మొదట గట్టు తగాదా. పడమటి భూములు ఎవరికి దక్కాలన్న తగాదా. దాన్ని బానిసత్వం తగాదాగా మార్చింది లింకనూ కాదు, కాంగ్రెసులో గంటల తరబడి ఉపన్యాసాలిచ్చిన పెద్దమనుషులూ కాదు. ఆ గట్టు దాటి నడిచిన బానిసలు.

పత్తి దగ్గర మొదలుపెడతాను, నాకు కాస్త తెలిసింది అదే గనక. మాది పల్నాడు. మా నాన్న నల్లరేగడిలో ముప్పై ఏళ్ళు పత్తి వేశాడు. పగిలిన కాయలోంచి దూది లాగేటప్పుడు ఎండిన డొప్పల కొసలు గోళ్ళ సందుల్లో గుచ్చుకుంటాయి. సాయంత్రానికి అన్నం కలుపుకోవాలంటే వేళ్ళు మంట. దూది తీయడం ఒక పనైతే, దూదిలోంచి గింజ తీయడం ఇంకో పని. అమెరికా దక్షిణాదిలో సముద్రానికి దూరంగా పండే పొట్టి పింజ పత్తికి గింజ అంటుకుని ఒక పట్టాన వదలదు. మనిషి రోజంతా కూర్చుని వలిస్తే ఒక పౌను దూది తేలడం గగనం. 1793లో ఎలై విట్నీ గింజ తీసే యంత్రం చేశాడు. గుంటూరు జిన్నింగ్ మిల్లుల మోత విన్నవాళ్ళకి దాని సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. యంత్రం వస్తే మనుషుల అవసరం తగ్గుతుందనుకుంటాం. ఇక్కడ తిరగబడింది. గింజ తీసే బాధ పోయాక పత్తి ఎన్ని ఎకరాలైనా వేయొచ్చు, కానీ కలుపుకీ, పత్తి తీతకీ చేతులే కావాలి. 1790లో దేశంలో బానిసలు సుమారు 7 లక్షలు. 1860 నాటికి 40 లక్షలకి దగ్గర. బయటి దేశాల నుంచి మనుషుల్ని తెచ్చి అమ్మడాన్ని 1808 నుంచి చట్టం నిషేధించినా ఇంత పెరిగారు.

పత్తి నేలలకి ఆ చేతులు వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి వచ్చాయి. అక్కడ పొగాకు పండీ పండీ నేలలు నీరసించాయి, మనుషులు మిగిలారు. అలా మిగిలినవాళ్ళని సుమారు 10 లక్షల మందిని యుద్ధానికి ముందు డెబ్భై ఏళ్ళలో దక్షిణానికీ పడమటికీ తరలించారని చరిత్రకారుల అంచనా. మగవాళ్ళకి ఇద్దరిద్దరికి కలిపి సంకెళ్ళేసి వారాల తరబడి నడిపించుకుపోయేవాళ్ళు. మొగుడు ఒక రాష్ట్రంలో, పెళ్ళాం ఇంకో రాష్ట్రంలో, బిడ్డ ఏ బేరగాడి చేతిలోనో. వాళ్ళు వెళ్ళి దున్నిన నేలా ఖాళీగా లేదు. అది చెరోకీ, క్రీక్, చోక్టా, చికసా తెగలది. 1830లో చట్టం చేసి వాళ్ళని మిసిసిపీ నది అవతలికి తోలారు. 1838-39లో చెరోకీలు నడిచిన దారిలో సుమారు 4 వేల మంది పోయారంటారు. ఆ నడిచినవాళ్ళలో చెరోకీ ఆసాముల సొంత బానిసలు కూడా ఉన్నారు. ఇది చదివిన రోజు పుస్తకం మూసేసి కాసేపు వీధిలో తిరిగొచ్చాను.

"ఎలాగూ కాలం చెల్లిపోయే పద్ధతే కదా, దానికోసం ఇన్ని లక్షల ప్రాణాలు దండగ" అనే మాట మనవాళ్ళలో చాలామంది నోట విన్నాను. కాలం చెల్లడం సంగతి అటుంచండి. 1860లో అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే. బానిసల ఖరీదంతా కలిపితే దేశంలోని రైళ్ళూ ఫ్యాక్టరీలూ అన్నిటి విలువకంటే ఎక్కువని లెక్కలు కట్టారు. చచ్చిపోతున్న వ్యాపారంలో ఎవడూ అంత డబ్బు పెట్టడు. అది పెరుగుతున్న వ్యాపారం, దాని ఆకలి నేల. పత్తి మీద పత్తి వేసుకుంటూ పోతే చేను ఏమవుతుందో మా నాన్నని అడగండి. మా నాన్నకి రెండో చేను లేదు. వాళ్ళకి పడమర ఉంది.

అందుకే గీతలు. ఒహాయో నదికి ఉత్తరాన బానిసలు ఉండకూడదని 1787లో ఒక గీత. 1803లో ఫ్రాన్స్ దగ్గర లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకి కొన్నాక ఆ నేల సంగతేమిటన్న పేచీ. 1819 నాటికి బానిస రాష్ట్రాలు పదకొండు, బానిసలు లేని రాష్ట్రాలు పదకొండు. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు గనక త్రాసు సమానం. మిస్సోరీ రాష్ట్రంగా వస్తానంటే త్రాసు ఒరుగుతుంది. 1820లో పంచాయితీ తేల్చారు: మిస్సోరీ బానిస రాష్ట్రం, దానికి జోడుగా మెయిన్ అనే కొత్త రాష్ట్రం స్వేచ్ఛా రాష్ట్రం, అంటే బానిసలు లేనిది. లూసియానా నేలలో మిగతాచోట 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి పైన బానిసలు కూడదు.

ఇలాంటి రాజీలు కుదిర్చిన హెన్రీ క్లేని ఇక్కడి పుస్తకాలు రాజనీతిజ్ఞుడని ఆకాశానికెత్తుతాయి. నాకు మాత్రం మా తాతల పంపకాలు గుర్తొస్తాయి. మా తాతా ఆయన తమ్ముడూ వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు కూర్చుని ఎడ్లు, గడ్డివాములు, బావి దగ్గర నీళ్ళ వంతులు పంచారట. చివరికి పాలేరు కూడా ఒక వాటాకి వచ్చాడు, మీదున్న బాకీతో సహా. ఆ పంపకాల కాగితం మా నాన్న బీరువాలో ఉంది. అందులో ఎడ్ల రంగులు రాశారు గానీ పాలేరు పేరు రాయలేదు. పాలేరుతనమూ బానిసత్వమూ ఒకటని నేననను. మా పాలేరు కొడుకుని ఎవరూ సంతలో వేలం వేయలేదు. కానీ పంచాయితీ తీరు చూడండి. ఇద్దరు ఆసాములకి సర్దుబాటు అయితే చాలు, తీర్పు గొప్పదే. 1820 రాజీ అంతకంటే గొప్పదని నన్ను ఇప్పటికీ ఎవరూ ఒప్పించలేకపోయారు.

గీత ఒకసారి గీస్తే నిలిచేదా? మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. దాని ఏలుబడిలో ఉన్న టెక్సస్‌లో అప్పటికే బానిసలతో వచ్చి స్థిరపడ్డ అమెరికన్లు 1836లో విడిపోయి సొంత దేశం పెట్టుకున్నారు. ఆ దేశపు రాజ్యాంగంలో బానిసల్ని విడిపించే అధికారం తమ కాంగ్రెసుకే లేకుండా చేసుకున్నారు. టెక్సస్‌లో ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన మిత్రులు ఎప్పుడైనా ఆ కాగితం చదవాలి. 1845లో టెక్సస్ అమెరికాలో కలిసింది. మరుసటి ఏడు మెక్సికోతో యుద్ధం. 1848కి కాలిఫోర్నియా దాకా నేలంతా చేతికొచ్చింది.

ఉత్తరాదివాళ్ళు ధర్మాత్ములని కాదు. యుద్ధంలో గెలిచే నేలలో బానిసత్వం ఉండకూడదని 1846లో తీర్మానం పెట్టిన డేవిడ్ విల్మట్, ఇది తెల్లవాళ్ళ కోసం పెట్టిన షరతు అని దాచుకోకుండా చెప్పుకున్నాడు. నల్లవాడి చెమట పక్కన తన మనుషులు పని చేయాల్సిన ఖర్మ పట్టకూడదని ఆయన బాధ. ఒరెగాన్ 1859లో స్వేచ్ఛా రాష్ట్రంగానే చేరింది, బానిసలూ వద్దు, అసలు నల్లవాళ్ళే వచ్చి ఉండొద్దు అని రాజ్యాంగంలో రాసుకుని మరీ. మా కాన్సస్‌లో బానిసత్వాన్ని ఎదిరించినవాళ్ళు 1855లో టొపీకాలో రాజ్యాంగం రాసుకుని, నల్లవాళ్ళని రానివ్వకూడదన్న షరతుని విడిగా ఓటుకి పెట్టి గెలిపించుకున్నారు. లింకన్ బానిసల్ని విడిపించడానికే యుద్ధం చేశాడన్న ఆ రెండో ఆయన మాట నాకు రుచించకపోవడానికి ఇదొక కారణం.

కాన్సస్ అన్నాను కాబట్టి మా పేటలోకి వస్తాను. 1854లో స్టీఫెన్ డగ్లస్ అనే సెనేటరు పాత గీత చెరిపేశాడు. కాన్సస్, నెబ్రాస్కా ప్రాంతాల్లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ కాపురం పెట్టినవాళ్ళే ఓటేసి తేల్చుకుంటారన్నాడు. వినడానికి ప్రజాస్వామ్యం. 1855 మార్చి 30న ఎన్నిక జరిగింది. అంతకు నెల ముందు తీసిన జనాభా లెక్కలో ఓటర్లు 2,905. పడ్డ ఓట్లు 6 వేల పైచిలుకు. మిస్సోరీ నుంచి బళ్ళు కట్టుకుని, తుపాకులు పట్టుకుని వచ్చి ఓట్లేసి సాయంత్రానికి ఇళ్ళకి పోయారు. నేను ఆఫీసుకి దాటే గీతనే వాళ్ళు ఓటుకి దాటారు. దొంగ ఓట్లు మన సొత్తేనని చిన్నబుచ్చుకునేవాళ్ళకి ఈ ముక్క చెప్పి ఊరడిస్తుంటాను.

అలా గెలిచిన సభ ఆ వేసవిలో చట్టాలు చేసిన చోటు మన కిరాణా కొట్టు నుంచి ఇరవై నిమిషాల దూరంలో ఉంది, షానీ మిషన్. షానీ తెగ పిల్లలకి బైబిలూ చేతిపనులూ నేర్పడానికి మెథడిస్టులు పెట్టిన బడి. పాత ఇటుక భవనాలు మూడు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆ బడి నడిపిన పాస్టరు థామస్ జాన్సన్‌కి సొంత బానిసలున్నారు. మనవాళ్ళు ఇన్ని వందల కుటుంబాలు ఇళ్ళు కొనుక్కున్న జాన్సన్ కౌంటీకి ఆయన పేరే పెట్టారు. మిస్సోరీ చట్టాలు ఎత్తి కాన్సస్‌కి అతికించుకున్నారు ఆ సభవాళ్ళు. ఈ ప్రాంతంలో బానిసల్ని ఉంచుకునే హక్కు లేదని నోటితో అన్నా, కాగితం మీద రాసినా రెండేళ్ళకి తగ్గని కఠిన కారాగారం అని ఒక సెక్షను రాశారు. ఆ బడి ఉన్న నేల మీద షానీలకి కూడా శాశ్వతంగా ఉండే యోగం లేకపోయింది. వాళ్ళని తూర్పు నుంచి ఇక్కడికి తోలారు, తర్వాత ఇక్కణ్ణుంచి ఓక్లహామాకి తోలారు. ఆ స్థలం తమకివ్వమని తెగవాళ్ళు ఈ మధ్యే అడగడం మొదలుపెట్టారు.

మిగతా కథ చాలామందికి తెలిసిందే. 1856 మే 21న బానిసత్వం వైపువాళ్ళు, కాన్సస్‌లో బానిసత్వ వ్యతిరేకులు కట్టుకున్న లారెన్స్ ఊరిని దోచుకున్నారు. మర్నాడే అక్కడ వాషింగ్టన్‌లో కాన్సస్ గురించి గట్టిగా మాట్లాడినందుకు ఛార్లెస్ సమ్నర్ అనే సెనేటరుని సౌత్ కరోలినా సభ్యుడొకడు సభలోనే చేతికర్రతో నెత్తురు కారేలా కొట్టాడు. రెండు రోజులకి బానిసత్వాన్ని ఎదిరించే జాన్ బ్రౌన్ మనుషులు అవతలి పక్షంవాళ్ళు ఐదుగురిని రాత్రివేళ ఇళ్ళలోంచి లాగి నరికారు.

ఇప్పుడు రాష్ట్రాల హక్కుల మాట. భోజనాల దగ్గర ఆ మాటన్న పెద్దాయనకి నేను చూపించాల్సిన కాగితం 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం. కాలిఫోర్నియాని స్వేచ్ఛా రాష్ట్రంగా ఒప్పుకున్నందుకు బదులుగా దక్షిణాది పట్టుబట్టి తెచ్చుకున్న చట్టాల్లో ఇదొకటి. పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో ఉన్నా కేంద్రం పట్టి తెచ్చివ్వాలి. జ్యూరీ లేదు. పట్టుబడ్డ మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోకూడదు. దారిన పోయేవాణ్ణి కూడా పట్టుకోవడంలో సాయం చేయమని పిలవొచ్చు. దాచినవాడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. తీర్పు చెప్పే కమిషనరు "ఇతను బానిస కాదు" అని వదిలేస్తే అతనికి ఫీజు 5 డాలర్లు, బానిసేనని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు. కాగితాల పని ఎక్కువ గనక ఫీజు ఎక్కువన్నారు. ఆ ఐదు డాలర్ల తేడా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. లంచం తీసుకోవడం చూశాం గానీ దాన్ని చట్టంలోనే అచ్చేసుకోవడం ఎక్కడైనా చూశామా?

ఆ చట్టం అమలు కాకుండా తమ రాష్ట్ర చట్టాలతో అడ్డుపడింది ఉత్తరాది రాష్ట్రాలు. అంటే రాష్ట్రాల హక్కులు వాడుకున్నది వాళ్ళు. 1860 డిసెంబరులో సౌత్ కరోలినా యూనియన్ నుంచి విడిపోతూ రాసుకున్న కారణాల్లో ముఖ్యమైన ఫిర్యాదు ఇదే: ఫలానా ఫలానా రాష్ట్రాలు మా బానిసల్ని పట్టివ్వకుండా సొంత చట్టాలు చేసుకున్నాయని పేరుపేరునా రాశారు. మిసిసిపీ ఇంకా సూటిగా, మా ఉనికి బానిసత్వంతో పెనవేసుకుందని రాసుకుంది. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాక మనం డైనింగ్ టేబుల్ దగ్గర వాళ్ళకి వకాల్తా పుచ్చుకోవడం ఎందుకు?

గట్టు తగాదా రంగు మారింది ఇక్కడే. 1854లో వర్జీనియా నుంచి ఓడలో పారిపోయి బోస్టన్ చేరిన ఆంథొనీ బర్న్స్‌ని పట్టుకున్నారు. జూన్ 2న అతన్ని ఓడరేవుకి నడిపించడానికి సైన్యం కావలసి వచ్చింది. వీధికి అటూ ఇటూ సుమారు 50 వేల మంది, కిటికీలకి నల్లగుడ్డలు. పత్తి బట్టల వ్యాపారంలో గడించిన ఏమస్ లారెన్స్ అనే బోస్టన్ షావుకారు, రాత్రి పడుకునేటప్పుడు పాతకాలపు రాజీ మనుషులం, పొద్దున లేచేసరికి పిచ్చెక్కిన బానిసత్వ వ్యతిరేకులం అయ్యామని ఉత్తరం రాసుకున్నాడు. మసాచుసెట్స్ నుంచి కాన్సస్‌కి బానిసత్వ వ్యతిరేకుల్ని పంపిన కంపెనీకి డబ్బు పెట్టిందీ ఆయనే. లారెన్స్ ఊరు ఆయన పేరు మీదే. మనపిల్లలు కేయూలో, అంటే కాన్సస్ యూనివర్సిటీలో, ఎమ్మెస్ చదువుతూ సాయంత్రాలు తిరిగే మసాచుసెట్స్ స్ట్రీట్‌కి ఆ పేరెందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. ముప్పై ఏళ్ళ ఉపన్యాసాలు ఆ షావుకారుని కదపలేదు. తన వీధిలో నడిచిపోయిన ఒక్క మనిషి కదిపాడు.

మిస్సోరీ బానిస డ్రెడ్ స్కాట్‌దీ అదే కథ, ఇంకా పొడుగ్గా. ఆయన యజమాని సైనిక డాక్టరు. బదిలీల మీద స్కాట్‌ని ముందు ఇల్లినాయ్‌కి, తర్వాత ఇప్పటి మిన్నసోటాలో ఉన్న ఫోర్ట్ స్నెల్లింగ్‌కి తీసుకెళ్ళాడు. రెండూ గీతకి పైనున్న స్వేచ్ఛా నేలలు. కోటలోనే హ్యారియట్‌తో పెళ్ళయింది. పెద్దకూతురు ఎలైజా పుట్టింది మిసిసిపీ నది మీద, జిప్సీ అనే స్టీమరులో, మిస్సోరీ ఉత్తరపు సరిహద్దుకి పైన. కోర్టు కాగితాల్లో ఆ మాట అంత జాగ్రత్తగా రాసుంది. ఎగువకి పోతున్న ఆ పడవ ఇంకాస్త ఆలస్యం చేసుంటే ఆ పిల్ల పుట్టిన నేల వేరు. 1846లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సెయింట్ లూయిస్ కోర్టులో స్వేచ్ఛ కోసం దావా వేశారు. అప్పటికి మిస్సోరీ కోర్టులు ఇలాంటి దావాల్లో చాలాసార్లు విడుదలే ఇచ్చాయి. 1850లో వీళ్ళూ గెలిచారు. రెండేళ్ళకి పై కోర్టు, మునుపటి రోజులు కావివి అంటూ కొట్టేసింది. దావా నడిచినంతకాలం వాళ్ళని షెరీఫ్ కూలికి పంపి, ఆ కూలి డబ్బులు తన దగ్గరే పెట్టుకున్నాడు, గెలిచినవాడికి ఇవ్వడానికి. 1857 మార్చి 6న సుప్రీంకోర్టు 7-2తో తీర్పు చెప్పింది. నల్లవాడు పౌరుడు కాడు, కాంగ్రెసుకి అసలు ఆ గీత గీసే అధికారమే లేదు. మూడేళ్ళ ముందు చెరిపేసిన గీతని, ఎప్పుడూ చెల్లనే లేదని మళ్ళీ చెరిపారన్నమాట.

నిరుడు సెయింట్ లూయిస్ వెళ్ళాను. దావా నడిచిన పాత కోర్టు భవనం గేట్‌వే ఆర్చి అనే పెద్ద కమానుకి ఎదురుగానే ఉంది. అప్పులు మిగిల్చి చనిపోయినవాళ్ళ బానిసల్ని ఆ మెట్ల మీదే వేలం వేసేవాళ్ళు. అక్కణ్ణుంచి కాల్వరీ శ్మశానానికి పోయాను. తీర్పు వచ్చిన రెండున్నర నెలలకి డాక్టరు కంటే ముందున్న యజమాని కొడుకు స్కాట్ కుటుంబాన్ని తన పేరు మీదికి రాయించుకుని విడిపించాడు. స్కాట్ హోటల్లో కూలిపని చేస్తూ ఏడాదిన్నర తిరక్కుండానే క్షయతో పోయాడు. సమాధి రాయి మీద లింకన్ బొమ్మ పైకి ఉండేలా సెంటు నాణేలు పేర్చి ఉంటాయి. జనం పెట్టి పోతారు. నా జేబులో కూడా ఒక సెంటు ఉంది, పెట్టలేదు. ఆ రాయి మీద లింకన్ ఎందుకన్నది నా పేచీ. దావా వేసింది హ్యారియట్, డ్రెడ్. అప్పటికి లింకన్ ఇల్లినాయ్‌లో ప్లీడరీ చేసుకుంటున్నాడు.

లింకన్ని తీసిపారేయడం లేదు. 1860 చివర్లో యుద్ధం తప్పించడానికి పాత గీతని పసిఫిక్ దాకా పొడిగిద్దామన్నప్పుడు ఆయన ససేమిరా అన్నాడు. ఉన్నచోట బానిసత్వాన్ని ముట్టుకోమని రాజ్యాంగంలో రాసిస్తామన్నా అభ్యంతరం లేదన్నాడు గానీ, కొత్త నేలకి ఒక్క అడుగూ పాకనివ్వనన్నాడు. గట్టు దగ్గరే నిలబడ్డాడు. దక్షిణాది సభ్యులు లేచిపోయాక కాంగ్రెసు చేసిన పనులు చూడండి. 1862 మే 20న కుటుంబానికి 160 ఎకరాల హోమ్‌స్టెడ్ చట్టం, జూన్ 19న పడమటి ప్రాంతాల్లో బానిసత్వ నిషేధం, జూలై 1న పసిఫిక్ రైలు చట్టం. నలభై ఏళ్ళ తగాదా ఆరు వారాల్లో తేలింది. ఆ ఏడాది చివర్లోనే మిన్నసోటాలో డకోటా తెగవాళ్ళు 38 మందిని ఒకేసారి ఉరితీశారు, మిగిలిన ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముసలివాళ్ళనీ చలికాలమంతా ఫోర్ట్ స్నెల్లింగ్ కింద కంచె కట్టి బంధించారు. డ్రెడ్, హ్యారియట్ కాపురం పెట్టిన ఫోర్ట్ స్నెల్లింగే.

ఆ వేసవికే మిస్సోరీ బానిసలు వందల్లో గీత దాటి కాన్సస్‌కి వచ్చేశారు. ఎవరూ రమ్మని పిలవలేదు, యుద్ధం వాళ్ళని విడిపించడానికని వాషింగ్టన్ ఇంకా అనలేదు. వాళ్ళతో ఇక్కడ ఒక రెజిమెంటు కట్టారు, పైనుంచి అనుమతి లేకుండానే. మా ఇంటికి గంటన్నర దూరంలో, బట్లర్ ఊరి దగ్గర ఐలండ్ మౌండ్ అని ఒక చోటు ఉంది. పోయిన అక్టోబరులో మావాణ్ణి తీసుకుని వెళ్ళాను. మోకాలెత్తు ఎండుగడ్డి, కాలిబాట, నాలుగు బోర్డులు. 1862 అక్టోబరు 29న ఆ యుద్ధంలో నల్ల సైనికులు మొదటిసారి పోరాడింది అక్కడే, బానిసల్ని విడుదల చేస్తూ లింకన్ ఇచ్చిన ప్రకటన అమల్లోకి రావడానికి రెండు నెలల ముందు. ఓటు దొంగలు వచ్చిన దారినే వీళ్ళు తుపాకులతో వెనక్కి వెళ్ళారు. టూత్‌మన్ అనే ఆసామి పొలంలో దిగి, ఆ పొలం కంచె దుంగలు పీకి ఇంటి చుట్టూ అడ్డంగా పేర్చారు. దానికి ఫోర్ట్ ఆఫ్రికా అని పేరు పెట్టుకున్నారు.